పెరటి నిమ్మకు జబ్బు చేస్తే

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి పెద్దలు ఇంతసేపు వివరంగా మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం చెట్ల గురించి మాట్లాడమన్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. ఆ పెరటి చెట్టుకే మందు కావలసి వస్తే ఏం చేయాలన్నది ఈనాటి విషయం. అన్ని చెట్ల గురించీ చెప్పడానికి సమయం చాలదు కనుక నిమ్మ చెట్టు ఒక్కదాన్నే తీసుకుంటాను. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లున్న ప్రాంతం మనది. జానెడు పెరడు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక నిమ్మ చెట్టు ఉంటుంది. దానికి ఏదో ఒక జబ్బు కూడా ఉంటుంది.

నేను వ్యవసాయ శాస్త్రజ్ఞుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఉద్యానశాఖ అధికారులను అడిగి, తిరుపతి నిమ్మ పరిశోధన కేంద్రం వారి సలహాలు చదివి, మా పెరట్లోనూ మిత్రుల పెరళ్లలోనూ చూసి తెలుసుకున్నదే చెబుతాను. ఆఫీసులో మనమందరం నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. అర్జీ రాగానే ఉత్తర్వు వేయము. ముందు విచారణ, తరువాత నివేదిక, ఆ తరువాతే ఉత్తర్వు. చెట్టు విషయంలో మాత్రం ఆకు పసుపుపచ్చగా కనబడగానే పురుగుమందుల దుకాణానికి పరుగెడతాము. నేను చెప్పదలచిన మాట ఒక్కటే. నిమ్మకు వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం కంటితో గుర్తుపట్టవచ్చు, చేతితో, కత్తితో, నీటి కాలువ సరిచేయడంతో చాలావరకు అదుపులో పెట్టవచ్చు. మందు ఆఖరున రావాలి. తెలియకుండా ముందే మందు కొడితే డబ్బుతోపాటు ఇంకా విలువైనవి పోతాయి. అవేమిటో తరువాత చెబుతాను.

ముందుగా విచారణ. పేపరు చదువుకోవడానికి మనందరి దగ్గరా భూతద్దం ఉంటుంది. అది పట్టుకుని ఉదయం పూట చెట్టు దగ్గర పది నిమిషాలు నిలబడండి. అయిదు ప్రశ్నలు వేసుకోండి. జబ్బు లేత ఆకు మీదా, ముదురాకు మీదా? ఒక కొమ్మకా, చెట్టంతటికా? మచ్చ తడిమితే నున్నగా ఉందా, గరుకుగా ఉందా? ఆకు తిరగేస్తే కింద పురుగు గానీ, జిగురు గానీ, చీమలు గానీ ఉన్నాయా? చెట్టు మొదట్లో నీరు నిలుస్తున్నదా, బెరడు నుంచి బంక కారుతున్నదా? సమాధానాలు తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పదిహేను రోజుల తరువాత మళ్లీ చూస్తే జబ్బు పెరుగుతున్నదో, తగ్గుతున్నదో ఆ కాగితమే చెబుతుంది.

ఇక జబ్బుల వరస. మొదటిది గజ్జి తెగులు. మన నిమ్మకు ఇది పుట్టుకతో వచ్చిన శత్రువు. లండన్ దగ్గర క్యూ తోటలో భద్రపరచిన ఎండు ఆకుల నమూనాల్లో, 1827–1831 మధ్య మన దేశంలో సేకరించిన వాటి మీద కూడా ఈ మచ్చలు కనిపించాయి. లేత ఆకు మీద ముందు నూనె చుక్క పడినట్టు చిన్న మచ్చ వస్తుంది. తరువాత అది గోధుమరంగు బొడిపెగా లేస్తుంది, చుట్టూ పసుపుపచ్చ వలయం ఉంటుంది. వేలితో తడిమితే ఆకు రెండు వైపులా గరుకుగా తగులుతుంది. కాయ మీద కూడా అట్లాగే గజ్జి పొక్కుల మాదిరి వస్తాయి. ఇది బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. గాలితో కూడిన వానలో చినుకు చిందినప్పుడు ఒక ఆకు నుంచి మరొక ఆకుకు పాకుతుంది. లేత చిగుళ్లకు, గాయపడిన ఆకులకు తొందరగా అంటుకుంటుంది. ఇక్కడ ఒక మాట. గజ్జి కాయ తింటే మనిషికి ఏ హానీ లేదు. మచ్చ ఉన్న తొక్క తీసివేసి రసం పిండుకోవచ్చు, ఊరగాయ పెట్టుకోవచ్చు. సంతలో ధర పలకదు, అంతే. అమ్ముకునే రైతుకు అది పెద్ద నష్టం. ఇంట్లో వాడుకునే మనకు అంత ఆందోళన అవసరం లేదు.

దీనికి చేయవలసిన పని వానలు రాకముందే, పొడి వాతావరణంలో చేయాలి. గజ్జి పట్టిన రెమ్మలు కత్తిరించండి. ఒక్కో కోత తరువాత కత్తెరను స్పిరిటుతో తుడవండి. కత్తిరించినవి ఎరువు గుంటలో వేయకుండా తగలబెట్టండి, లేదా లోతుగా పూడ్చండి. ఆకు తడిగా ఉన్నప్పుడు చెట్టును ముట్టుకోవద్దు. జబ్బు మరీ ఎక్కువగా ఉంటే, కొత్త చిగురు వచ్చినప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి చల్లవచ్చు. మనకు నైరుతి వానల కంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య వానలు ఎక్కువ కనుక ఆ నెలల్లో వచ్చే చిగురు మీద కన్ను వేసి ఉంచాలి.

రెండవది ఆకు తొలిచే పురుగు. లేత ఆకు మీద నత్త పాకినట్టు వెండి రంగులో వంకరటింకర గీతలు ఉంటాయి, ఆకు ముడుచుకుంటుంది. చూడటానికి భయంగా ఉన్నా పెద్ద చెట్టుకు ప్రాణాపాయం లేదు. అయితే ఆ గీతల గాయాల్లోనుంచే గజ్జి లోపలికి దిగుతుంది కనుక దీన్ని తగ్గిస్తే దాన్ని కూడా తగ్గించినట్టే. ముడుచుకున్న చిగుళ్లు తుంచివేయడం, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట చల్లడం చాలు.

మూడవది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. చిన్నప్పుడు ఆకు మీద పక్షి రెట్ట పడినట్టే ఉంటుంది. అందుకే మన కంటబడదు. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో కదిపితే తల వెనుక నుంచి రెండు కొమ్ముల వంటివి బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. చిన్న మొక్కనైతే నాలుగు రోజుల్లో మోడు చేస్తుంది. మా ఇంటావిడ ఉన్నన్నాళ్లూ ఈ పని ఆమెదే. ఉదయం తులసికి నీళ్లు పోసి, అదే చేత్తో నిమ్మ చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆకు ఆకూ తిరగేసి గొంగళ్లను ఏరి డబ్బాలో వేసేది. ఆ చెట్టుకు ఆమె కాలంలో ఒక్క చుక్క పురుగుమందు పడలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆ ప్రదక్షిణం నేను చేస్తున్నాను. మోకాళ్లకు కూడా మంచిదని డాక్టరుగారు అన్నారు.

నాలుగవది మసి. ఆకుల మీద పొయ్యి మసి పూసినట్టు నల్లటి పొర ఏర్పడుతుంది. అందరూ దీన్ని చూసి శిలీంధ్రం మందు కొనుక్కొస్తారు. అసలు నేరస్థుడు ఆ నలుపు కాదు. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ వంటివి రసం పీల్చి తేనె వంటి జిగురు వదులుతాయి. ఆ జిగురు మీద మసి పెరుగుతుంది. కొమ్మ వెంబడి చీమల బారు పైకి పోతున్నదంటే పై రెమ్మల్లో ఈ పురుగులు ఉన్నాయని అర్థం. నీటి గొట్టంతో గట్టిగా కడగండి, వేపనూనె, సబ్బు నీరు చల్లండి. జిగురు పోతే మసి కొత్తగా పట్టదు.

అయిదవది పసుపుపచ్చ ఆకు. అందరూ తికమకపడేది ఇక్కడే. పసుపుకు కారణాలు కనీసం మూడు. లేత ఆకులు చిన్నవిగా, సన్నగా వచ్చి, ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య పసుపుపచ్చగా ఉంటే అది జింకు లోపం. ఆకును నడిమి ఈనె వెంట మడిచి చూడండి. రెండు సగాలూ ఒకే తీరుగా ఉంటాయి. దీనికి లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు, అందులో సగం సున్నం కలిపి లేత ఆకుల మీద చల్లితే మేలు కనబడుతుంది. మడిచి చూసినప్పుడు రెండు సగాలూ ఒకదానికొకటి పోలిక లేకుండా, ఒకవైపు పసుపు, ఒకవైపు ఆకుపచ్చ మరకలు మరకలుగా ఉండి, కాయలు వంకరగా, చిన్నగా వస్తుంటే అది గ్రీనింగ్ జబ్బు అయి ఉండవచ్చు. దాన్ని సిల్లా అనే చిన్న పురుగు మోసుకు తిరుగుతుంది. ఆ జబ్బు గురించి చివర చెబుతాను. మూడవ రకంలో చెట్టు మొత్తం పాలిపోయి, ఆకులు వాలి, కొమ్మల చివరలు ఎండుతూ వస్తాయి. అప్పుడు ఆకు చూడటం మాని వంగి మొదలు చూడాలి.

మొదట్లో చూడవలసినది బంక తెగులు. మన సభ్యులొకరి ఇంట్లో జరిగినది చెబుతాను. వారి చెట్టు పన్నెండేళ్లది. ఏడాదికి రెండు కుండల ఊరగాయకు కాయలిచ్చేది. ఆకులు పసుపుపచ్చగా మారితే దుకాణంలో అడిగి మూడు రకాల మందులు తెచ్చి, మూడూ ఒకే బక్కెట్లో కలిపి కొట్టించారు. రెండు నెలలకు ఒక పెద్ద కొమ్మ ఎండిపోయింది. నన్ను రమ్మంటే వెళ్లాను. బట్టలు ఉతికే మిషను నీరు ఆ పాదులోకే పోతున్నది. చెట్టు ఒరగకుండా ఉండాలని మాను చుట్టూ జానెడు ఎత్తున మట్టి పోసి ఇటుకలు పేర్చారు. మట్టి తీయించి చూస్తే బెరడు పగిలి, తేనె రంగు బంక కారుతున్నది. లోపలి బెరడు గోధుమరంగుకు తిరిగి కుళ్లింది. నేలలో తడి ఎక్కువైతే విజృంభించే తెగులు అది. ఆకుల మీద ఎన్ని మందులు కొట్టినా మొదట్లో నిలిచిన నీటికి జవాబు కాదు.

దానికి చేసిన చికిత్స ఇది. మాను చుట్టూ పోసిన మట్టి తీసి గాలి ఆడనివ్వాలి. కుళ్లిన బెరడును శుభ్రమైన కత్తితో, పచ్చి బెరడు కనబడేదాకా గీకి, బోర్డో పేస్టు పూయాలి. మాను చుట్టూ అడుగు దూరంలో చిన్న గట్టు వేసి, దాని బయట రెండో గట్టు వేసి, నీరు ఆ రెండింటి మధ్యనే పోయాలి. మానుకు నీరు తగలకూడదు. ఎండిన కొమ్మలను పచ్చి చెక్క వచ్చేదాకా కోసి, కోతలకు కూడా అదే పేస్టు పూయాలి. ఆ చెట్టు బతికింది. ఒక కొమ్మ మాత్రం పోయింది. తరువాతి వేసవికి మిగిలిన కొమ్మలు చిగురు వేశాయి.

బోర్డో పేస్టు ఇంట్లోనే చేసుకోవచ్చు. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీటిలో కరిగించండి. 100 గ్రాముల రాతి సున్నం మరో అర లీటరులో వేసి విరిసి, చల్లారనివ్వండి. మైలుతుత్తం నీటిని సున్నం నీటిలోకి కొంచెం కొంచెంగా పోస్తూ కర్రతో కలపండి. పాత్రలు ప్లాస్టిక్‌వి గానీ మట్టివి గానీ వాడాలి. శుభ్రమైన ఇనుప కత్తిని ఒక నిమిషం ముంచి తీస్తే ఎర్రగా రాగి పూత పడిందంటే సున్నం చాలలేదన్నమాట, ఇంకాస్త కలపాలి. చేసిన రోజే వాడేయాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు మరవవద్దు. ఈ మందు పుట్టుక ఒక వింత. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో బాటసారులు ద్రాక్షపండ్లు కోసుకుపోకుండా దారి పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చిమ్మేవారు. ఆ తీగలకు తెగులు సోకలేదని మిలార్దే అనే ఆచార్యుడు గమనించి, పరీక్షలు చేసి, 1885లో ప్రకటించాడు. దొంగల కోసం పోసిన మందు తెగులుకు పనికివచ్చింది. ఆయన కూడా ముందు నిలబడి చూశాడని గమనించండి.

ఇప్పుడు, మొదట్లో వాయిదా వేసిన మాటకు వస్తాను. గజ్జి తెగులుకు కాపర్ మందుతోపాటు ఒక తెల్లటి పొడి పొట్లం కూడా కలపమని చాలా ఏళ్లు సలహా ఇచ్చేవారు. అందులో ఉండేవి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. పేర్లు విన్నట్టు ఉన్నాయి కదా. 1943లో కనిపెట్టిన స్ట్రెప్టోమైసిన్ క్షయరోగానికి పనిచేసిన తొలి గొప్ప మందు. మన తరంలో ఎందరి ఇళ్లలోనో ఆ సూదులు ప్రాణాలు నిలిపాయి. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్. 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి వచ్చింది. కనుగొన్నది డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు. అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మనుషుల కోసం అంత తపస్సు చేసి తెచ్చిన మందులను పెరట్లో ఆకుల మీద చల్లితే, నేలలోని బాక్టీరియా వాటికి అలవాటుపడుతుంది. ఆ అలవాటును ఇతర బాక్టీరియాకు కూడా అందిస్తుంది. రేపు మన మనుమడికి జ్వరం వస్తే, మందు పనిచేయని రోజు వస్తుంది. ఈ రెండు మందుల వ్యవసాయ వాడకాన్ని దశలవారీగా ఆపడానికి కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. ప్రభుత్వం సంగతి అట్లా ఉంచి, ఇంటి చెట్టుకు నాలుగు గజ్జి కాయలు తగ్గించుకోవడానికి ఈ పొడి వాడవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. పాత పుస్తకంలో, పాత చీటీలో ఆ సలహా ఉంటే కొట్టివేయండి.

రెండవది ఇంకా దగ్గరి ప్రమాదం. 2013 జులైలో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక పాఠశాల మధ్యాహ్న భోజనంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. నూనె అనుకుని వంటలో వాడారు. అది ఎక్కడో జరిగిందని అనుకోవద్దు. పావు లీటరు చాలని దుకాణంలో అడిగి, ఖాళీ మంచినీళ్ల సీసాలో పోయించుకుని, వంటింటి అటక మీద పెట్టే ఇళ్లు మనలోనూ ఉన్నాయి. మనకు చూపు మందగించింది. మనుమలు సెలవులకు వస్తారు. పురుగుమందు ఏదైనా అసలు డబ్బాలోనే, చీటీతో సహా, తాళం వేసిన చోట ఉండాలి. లేదా అసలు ఇంట్లోకే రాకూడదు. పెరటి నిమ్మకు నేను ఇందాక చెప్పిన వాటిని మించిన మందు దాదాపు అవసరం పడదు.

ఇక మందు లేని జబ్బు, గ్రీనింగ్. అనుమానం వస్తే ఉద్యానశాఖ వారికి గానీ, కృషి విజ్ఞాన కేంద్రం వారికి గానీ కొమ్మ చూపించండి. రూఢి అయితే ఆ చెట్టును తీసివేయడమే మార్గం. ఉంచితే పురుగు ద్వారా పక్కింటి చెట్టుకు కూడా పోతుంది. మీలో చాలామంది అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళుతుంటారు. పెట్టెలో పచ్చి కరివేపాకు పెట్టుకుని వెళితే అక్కడి విమానాశ్రయంలో తీసి పారేస్తారు. దానికి కారణం ఇదే. కరివేపాకు, నిమ్మ ఒకే కుటుంబం. ఆ సిల్లా పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఫ్లోరిడాలో 2005లో ఈ జబ్బు బయటపడి అక్కడి నారింజ తోటలను దెబ్బతీసింది. అంతకుముందే గజ్జి తెగులు అరికట్టడానికి, జబ్బు చెట్టుకు 1900 అడుగుల లోపల ఉన్న పెరటి చెట్లన్నీ, ఆరోగ్యంగా ఉన్నవి కూడా, ప్రభుత్వం వారు కొట్టించారు. 2006లో ఆ కార్యక్రమం ఆపేశారు. మన ఊళ్లో గజ్జి ఎటూ ఉన్నదే కనుక మనకు ఆ బాధ లేదు. చెట్టు మన ఇంట్లో ఉన్నా, దాని జబ్బు వీధి అందరిదీ అన్న సంగతి మాత్రం మనమూ గుర్తుంచుకోవాలి.

చెట్టు తీయవలసి వస్తే దిగులుపడవద్దు. తిరుపతి పరిశోధన కేంద్రం వారి బాలాజీ అనే నిమ్మ రకం గజ్జిని బాగా తట్టుకుంటుంది. నమ్మకమైన నర్సరీలో, ప్రతి ఆకూ తిరగేసి చూసి మొక్క తెచ్చుకోండి. ఎండ బాగా తగిలే చోట, నీరు నిలవని చోట నాటండి. ఈ వయసులో నాటితే కాయలు మనం తింటామా అని ఒకరు అడిగారు. నిమ్మ మూడు నాలుగేళ్లలో కాపు మొదలుపెడుతుంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి మనం వెళుతూనే ఉన్నాం కదా, కాయలు కూడా కోసుకుంటాం. కోయలేకపోతే కోడలు కోస్తుంది.

సందేహం ఉన్నవారు కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551కి ఫోను చేయవచ్చు. తెలుగులోనే సమాధానం చెబుతారు, ఖర్చు లేదు. ఇంకొక మనవి. వచ్చే నెల సమావేశానికి జబ్బు పడ్డ రెమ్మ ఒకటి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, ఆ అయిదు ప్రశ్నలకు సమాధానాలు కాగితం మీద రాసి తీసుకురండి. భూతద్దం నేను తెస్తాను. కార్యదర్శిగారు ఒక బల్ల ఏర్పాటు చేస్తామన్నారు. అందరం కలిసి విచారణ జరుపుదాం.